నాలుగో మెంబ్రేను బరువు: వాటర్ ప్లాంటులో సున్నం గారతో ఏడు నెలలు

ఆర్వో వాటర్ ప్లాంటులో పద్నాలుగు నెలల్లో రెండు సెట్ల మెంబ్రేన్లు (నీళ్లను వదిలి ఉప్పులను ఆపే పొరల చుట్టలు) మార్చాం. సెట్టుకు నాలుగు, ఒక్కోటి 11 వేలు. మూడో సెట్టు వేసి ఐదు నెలలైనా కాకముందే మంచినీళ్ల ధార మళ్లీ సన్నబడింది. ప్లాంటు మా బావది, నల్గొండ జిల్లాలో మునుగోడు వైపు ఒక ఊళ్లో ఉంది. నేను మోటార్ల వైండింగ్ చేస్తాను. ప్లాంటులో ఏది ఆగినా కబురు నాకే వస్తుంది. ఇలాంటి బోరు నీళ్లతో ప్లాంటు నడిపేవాళ్లకు పనికొస్తుందని నా కొలతల పుస్తకాన్ని సాపు చేసి ఇక్కడ పెడుతున్నాను. తప్పులు కూడా తీసేయలేదు. ఎక్కువ పనికొచ్చేవి అవే.

ప్లాంటు గంటకు 1000 లీటర్లది. ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్, హై ప్రెషర్ పంపు, తర్వాత నాలుగు 4040 సైజు మెంబ్రేన్లు ఒకదాని వెనక ఒకటి. మొదటిది వదిలిన నీళ్లు రెండోదానికి, అవి మూడోదానికి, అలా నాలుగోది దాటాక, మిగిలిన ఉప్పునీళ్లను బయటికి వదిలే రిజెక్ట్ పైపులోకి. రోజుకు ఆరు గంటలు నడుస్తుంది, 270 నుంచి 280 క్యాన్లు పోతాయి.

దశ 1: కొలతలు (నవంబరు 8)

ఇన్నాళ్లూ ధార తగ్గగానే రిజెక్ట్ వాల్వు ఇంకాస్త బిగించడం, తగ్గితే మళ్లీ బిగించడం. చేసిన వైద్యమంతా అదే. ఈసారి వాల్వు జోలికి పోకుండా ముందు కొలిచాను. సాధనాలు: 20 లీటర్ల క్యాన్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, నీళ్లలో కరిగిన ఉప్పులు చూపే టీడీఎస్ మీటరు, కిరాణా కొట్టు నుంచి అడిగి తెచ్చిన ఎలక్ట్రానిక్ కాటా.

- మంచినీళ్లు: క్యాన్ నిండడానికి 118 సెకన్లు, అంటే గంటకు 610 లీటర్లు. మెంబ్రేన్లు కొత్తగా ఉన్నప్పుడు 72 సెకన్లు, 1000 లీటర్లు.
- టీడీఎస్: బోరు 1250, మంచినీళ్లు 165. కొత్తలో మంచినీళ్లది 70.
- ప్రెషర్: లోపలికి చదరపు సెంటీమీటరుకు 9 కేజీలు, బయటికి 7.1. తేడా 1.9. కొత్తలో తేడా 0.9.

తర్వాత హౌసింగులు విప్పి మెంబ్రేన్లను గంటసేపు నిలబెట్టి నీళ్లు ఓడ్చి కాటా మీద పెట్టాను. మొదటిది 4.1 కిలోలు, రెండోది 4.15, మూడోది 4.4, నాలుగోది 4.9. అంత తేడా ఉంటుందని అనుకోలేదు. బురద గానీ పాచి గానీ అయితే మొదటి మెంబ్రేనే ముందు పట్టుకుంటుంది. చివరిది బరువెక్కితే అది నీళ్లలో కరిగి ఉన్నది పేరుకోవడమే. ఒక్కో మెంబ్రేను దాటినకొద్దీ మంచినీళ్లు పక్కకు పోయి ఉప్పులు మిగులుతాయి కాబట్టి నాలుగోదాని దగ్గరకు వచ్చేసరికి నీళ్లు బాగా చిక్కబడి ఉంటాయి.

నాలుగోదాని అంచున బియ్యపు రవ్వలాంటి తెల్లటి గార ఉంది. గీకి పళ్లెంలో వేసి నిమ్మకాయ పిండితే బుసబుసా నురగ వచ్చింది. అది కాల్షియం కార్బొనేట్, కొళాయిలకూ వేడినీళ్ల బకెట్లకూ పట్టే సున్నమే. అయితే నురగ ఆగాక కూడా చిటికెడు పొడి కరగకుండా మిగిలింది. దాని సంగతి కింద వస్తుంది.

నీటి కాఠిన్యం (కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతో) కొలవడానికి కిట్ తెప్పించాను. ఇంట్లోనే చేయొచ్చు:

1. 50 మిల్లీలీటర్ల బోరు నీళ్లు గాజు గ్లాసులో తీసుకోవాలి.
2. కిట్‌లోని అమ్మోనియా బఫర్ 1 మిల్లీలీటరు, నల్లటి సూచిక పొడి చిటికెడు వేస్తే నీళ్లు ద్రాక్షరంగు ఎరుపుకు తిరుగుతాయి.
3. ఈడీటీఏ ద్రావణాన్ని సిరంజితో చుక్కచుక్కగా వదలాలి, ఎరుపు పూర్తిగా పోయి నీలం వచ్చేదాకా.
4. ద్రావణం 0.01 మోలార్ అయితే, వాడిన మిల్లీలీటర్లను 20తో హెచ్చించాలి.

మాకు 27 మిల్లీలీటర్లు పట్టింది, అంటే లీటరుకు 540 మిల్లీగ్రాములు. తాగునీటికి భారత ప్రమాణం 200. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటుంది. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే కాల్షియం కాఠిన్యం 310, క్షారత 380, పీహెచ్ 7.5, ఫ్లోరైడ్ 1.9 వచ్చాయి. ఫ్లోరైడ్ 1.5 దాటకూడదు. మా జిల్లాలో ఆ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. కాబట్టి ఆర్వో తీసేయడం కుదరదు, ఈ నీళ్లతోనే నెట్టుకురావాలి.

ఖర్చు: కిట్ 650, పీహెచ్ మీటరు 900, ల్యాబ్ 800. ఇప్పటిదాకా మొత్తం: 2,350.

దశ 2: సాఫ్ట్‌నర్, నాలుగు రోజుల ముచ్చట (నవంబరు 15 నుంచి 18)

సున్నమే సమస్య అయితే సున్నాన్ని ముందే తీసేస్తే పోలేదా అనిపించింది. మూతపడిన ఒక లాడ్జిలో 50 లీటర్ల రెజిన్ (కాల్షియాన్ని పట్టుకునే గుళికలు) ఉన్న సాఫ్ట్‌నర్ ఉంటే ఆటోలో వేసుకొచ్చాను. బిగించాక కూర్చుని లెక్క వేశాను. ఆ లెక్క బిగించకముందు వేయాల్సింది.

- మా కాఠిన్యం 540, అంటే వెయ్యి లీటర్లలో 540 గ్రాములు.
- లీటరు రెజిన్ సుమారు 50 గ్రాములు పట్టగలదు. 50 లీటర్లకు 2.5 కిలోలు.
- ఆ లెక్కన 4,600 లీటర్లకే రెజిన్ నిండిపోతుంది. పంపు గంటకు 2000 లీటర్లు లాగితే రెండు గంటల ఇరవై నిమిషాలు.
- నిండిన ప్రతిసారీ ఉప్పునీళ్లతో కడగాలి. లీటరు రెజిన్‌కు 150 గ్రాముల చొప్పున 7.5 కిలోల ఉప్పు.

రోజుకు రెండు మూడు కడుగుళ్లు, దగ్గరదగ్గర 20 కిలోల ఉప్పు. నాలుగు రోజుల్లో 80 కిలోలు పోశాం. ఆ ఉప్పంతా మోరీ గుండా పక్కనున్న బత్తాయి తోట వైపే పోతుంది. నాలుగో రోజు తోటాయన వచ్చి ఏమీ అనకుండా మోరీ పక్కన నిలబడి చూసి వెళ్లాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. సాయంత్రానికల్లా సాఫ్ట్‌నర్ విప్పేశాను.

కాఠిన్యం 100, 150 ఉన్న చిన్న ప్లాంటుకు సాఫ్ట్‌నర్ బాగానే ఉంటుంది. మా నీళ్లకు కాదు.

ఖర్చు: ఉప్పు 640, ఆటో 600. మొత్తం: 3,590.

దశ 3: డోసింగ్ పంపు పనిచేస్తోందా? (నవంబరు 27)

గార పట్టకుండా యాంటీస్కేలెంట్ వాడాలని ఎవరైనా చెబుతారు. మాకూ డోసింగ్ పంపు మొదటినుంచీ ఉంది. టక్ టక్ మని కొట్టుకుంటూనే ఉంటుంది, డ్రమ్ములో మందు కూడా ఉంటుంది. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ దానిమీద అనుమానం రాలేదు.

ఈ మందు కాల్షియాన్ని తీసేయదు. అప్పుడే పుడుతున్న స్ఫటికాలకు అతుక్కుని అవి పెరగకుండా, గోడకు అంటకుండా కాసేపు ఆపుతుంది, అంతే. ఆ కాసేపట్లో నీళ్లు బయటికి పోవాలి. ఇది గుర్తుపెట్టుకోండి, దశ 6లో మళ్లీ పని పడుతుంది.

పంపు నిజంగా ఎంత పోస్తోందో కొలిచే పద్ధతి:

1. ప్లాంటు మామూలు ప్రెషర్‌లో నడుస్తుండాలి. డోసింగ్ గొట్టాన్ని విడిగా గాలిలోకి వదిలి కొలిస్తే లెక్క ఎక్కువ వస్తుంది.
2. డ్రమ్ములోని పీల్చే గొట్టాన్ని తీసి, మందు నింపిన 100 మిల్లీలీటర్ల కొలజాడీలో పెట్టాలి.
3. సరిగ్గా 5 నిమిషాలు చూసి ఎంత తగ్గిందో రాసుకోవాలి.

నిమిషానికి 16 మిల్లీలీటర్లు తగ్గాలి, అంటే గంటకు దాదాపు 950. మాది నిమిషానికి 5. గొట్టం కొసనున్న ఫుట్ వాల్వులో జిగురుపట్టి గాలి చేరింది. డ్రమ్ము లోపల తడిమితే గోడలంతా జారుడు. మందును బోరు నీళ్లలో పలుచగా కలిపి ఇరవై రోజులు నిల్వ పెడితే పాచి పట్టక ఏం చేస్తుంది!

రెండో తప్పు అంతకన్నా పెద్దది. మందు పడే చోటు ఇసుక ఫిల్టరుకు ముందు ఉంది. అంటే మందు కార్బన్ గుండా పోతోంది. కార్బన్ అందులో కొంత తనే పట్టేసుకుంటుంది. బిగించినవాళ్లకు పైపు అక్కడ అందుబాటుగా ఉండి ఉంటుంది.

మార్చినవి:

1. మందు పడే చోటును కార్బన్ ఫిల్టరు తర్వాతకు, కార్ట్రిడ్జ్‌కు ముందుకు జరిపాను. కార్ట్రిడ్జ్‌లో మందు నీళ్లతో బాగా కలుస్తుంది.
2. కొత్త ఫుట్ వాల్వు వేసి, దాన్ని డ్రమ్ము అడుగుకు నాలుగు వేళ్లు పైన వేలాడదీశాను. అడుగు మడ్డి లాగదు.
3. కలిపేది మంచినీళ్లతోనే. 25 లీటర్లకు 200 గ్రాములు. పంపు గంటకు 950 మిల్లీలీటర్లు పోస్తే 7.6 గ్రాముల మందు పడుతుంది. గంటకు 1900 లీటర్ల నీళ్లకు అది లీటరుకు 4 మిల్లీగ్రాములు. నాలుగు రోజుల చిల్లరకు డ్రమ్ము ఖాళీ అవుతుంది, పాచి పట్టే తీరిక ఉండదు.

రోజుకు 46 గ్రాములు, దాదాపు 14 రూపాయలు. 44 వేల మెంబ్రేన్లు పోయింది ఈ 14 రూపాయల మందు చేరాల్సిన చోటికి చేరకే అనుకున్నాను అప్పుడు. అది సగం నిజమే.

ఖర్చు: మందు 5 కిలోలు 1,500, వాల్వు, గొట్టం 480. మొత్తం: 5,570.

దశ 4: అబద్ధం చెప్పిన రోటామీటరు (డిసెంబరు 6)

ఈ డైరీలో ఒక్క దశే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

రిజెక్ట్ పైపు మీది రోటామీటరు (ధార ఎంతో చూపే గాజు గొట్టం మీటరు) గంటకు 700 లీటర్లు చూపిస్తోంది. మంచినీళ్లు 610. అంటే వచ్చిన నీళ్లలో 47 శాతమే తీసుకుంటున్నాం, ఇందులో అత్యాశ ఏముందని బావ వాదన. నాకూ సబబుగానే తోచింది. ఒకరోజు ఊరికే రిజెక్ట్ నీళ్ల టీడీఎస్ చూశాను: 3100.

ఇది పొసగదు. సగం కన్నా తక్కువ తీసుకుంటే ఉప్పులు రెట్టింపు కూడా కాకూడదు. 47 శాతానికి రిజెక్ట్ టీడీఎస్ 2200 దగ్గర ఉండాలి. 3100 వచ్చిందంటే మీటర్లలో ఏదో ఒకటి తప్పు చెబుతోంది. రిజెక్ట్ పైపు కింద క్యాన్ పెట్టాను. నిండడానికి 200 సెకన్లు పట్టింది, అంటే గంటకు 360 లీటర్లు. రోటామీటరు చెప్పినదాంట్లో సగం.

అప్పుడు లెక్క: 610, 360 కలిపితే 970. అందులో 610 అంటే 63 శాతం. ఉప్పులు దాదాపు 2.5 రెట్లు చిక్కబడుతున్నాయి.

రోటామీటరు ఎందుకు తప్పింది? విప్పి చూస్తే గాజు లోపలంతా పల్చటి తెల్ల పొర. గొట్టం లోపలి దారి ఇరుకైపోతే కొద్ది నీళ్లకే బిళ్ల పైకి లేస్తుంది. గార పడుతోందని చెప్పాల్సిన మీటరుకే గార పట్టింది. కొత్తది 1,100 పెట్టి కొన్నాక, పాతదాన్ని రాత్రంతా నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెడితే శుభ్రంగా సరైన లెక్క చూపించింది. ఆ 1,100 నా తొందరకు పడ్డ జరిమానా.

63 శాతం ఎంత ప్రమాదమో తెలియడానికి 1936లో లాంజెలియర్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇచ్చిన సూచిక ఉంది. పీహెచ్, వేడి, టీడీఎస్, కాల్షియం, క్షారత, ఈ ఐదింటితో లెక్క వేస్తారు. సున్నా కన్నా పైకి పోతే సున్నం పేరుకునే వైపు, కిందికి పోతే కరిగే వైపు. మా లెక్కలు:

- బోరు నీళ్లే: సున్నాకు దాదాపు 0.7 పైన. ఏమీ చేయకముందే గార పెట్టే నీళ్లు.
- 47 శాతం దగ్గర రిజెక్ట్: సున్నాకు దాదాపు 1.4 పైన.
- 63 శాతం దగ్గర రిజెక్ట్: సున్నాకు దాదాపు 1.9 పైన.

మామూలుగా యాంటీస్కేలెంట్‌ను 1.8 దాకా నమ్ముకోవచ్చంటారు. మేము దాని హద్దు దాటి నడిపాం, అదీ మూడో వంతు మందుతో, అందులోనూ కొంత కార్బన్‌కు అప్పజెప్పి. వాల్వు బిగించిన ప్రతిసారీ ఆ వారం క్యాన్లు నిండేవి, నాలుగో మెంబ్రేను బరువెక్కేది. ధార ఇంకా తగ్గేది. మళ్లీ బిగించేవాళ్లం.

ఇక నిమ్మకాయకు కరగని ఆ చిటికెడు పొడి. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు చిక్కబడితే కాల్షియం ఫ్లోరైడ్ కూడా పేరుకోవచ్చు. సిలికా కూడా అంతే. ఇవి నిమ్మ ఉప్పుకు లొంగవు. సున్నం పడితే కడుక్కోవచ్చు, ఇవి పడితే చాలాసార్లు మెంబ్రేను పారేయాల్సి వస్తుంది. అందుకని 'అప్పుడప్పుడూ యాసిడ్‌తో కడిగితే సరిపోదా' అనే సలహా మా ప్రాంతపు బోర్లకు నేను ఇవ్వను.

వాల్వు తెరిచి సగానికి సగం చేశాను. బావ మోరీ దగ్గరకు పోయి చూసొచ్చాడు.

"బామ్మర్దీ, గిన్ని నీళ్లు మోరీల వోతుంటే నీకు కడుపు కాలతలేదా?"

"కాలుతుంది బావా. మొన్న నువ్వు 44 వేలు కట్టినప్పుడు కూడా కాలింది."

ఆయన బాధ అబద్ధం కాదు. ధార పూర్తిగా కోలుకున్నాక రోజుకు 2,300 లీటర్ల దాకా ఎక్కువ పోతాయి. ఇప్పుడు క్యాన్ల బయటివైపు తోమడానికి, ఆటో కడగడానికి, బాత్రూముకు ఆ నీళ్లే వాడుతున్నాం. బర్రెలకు మాత్రం పెట్టనివ్వలేదు, అందులో ఫ్లోరైడ్ బోరు నీళ్లకు దాదాపు రెట్టింపు. మిగిలినది ఇంకా మోరీకే పోతోంది. ఈ డైరీలో తేలని లెక్క అదొక్కటి.

ఖర్చు: రోటామీటరు 1,100. మొత్తం: 6,670.

దశ 5: కడుగుడు (డిసెంబరు 20, 21)

కారణం సరిచేయకుండా కడిగితే రెండు నెలలకు మళ్లీ అదే కథ. అందుకే ఇన్నాళ్లు ఆగాను. మామూలుగా ధార 10 శాతం తగ్గగానే కడగాలి. మాది 39 శాతం తగ్గాక కడుగుతున్నాం, పూర్తిగా కోలుకుంటుందన్న ఆశ పెట్టుకోలేదు.

బాత్రూములు కడిగే యాసిడ్ పోస్తే పది నిమిషాల్లో అయిపోతుందని ఒకరన్నారు. అందులో ఏమేం కలిసి ఉంటాయో చాలా డబ్బాల మీద పూర్తిగా రాయరు. పీహెచ్ అదుపు తప్పితే మెంబ్రేనే దెబ్బతింటుంది. కిరాణాలో దొరికే నిమ్మ ఉప్పునే వాడాను, అంటే సిట్రిక్ యాసిడ్.

మొదటి రోజు తప్పు: నాలుగింటినీ వరసగా ఉంచి 100 లీటర్ల మంచినీళ్లలో 2 కిలోలు కలిపి తిప్పాను. మొదలుపెట్టినప్పుడు పీహెచ్ 2.2. పావుగంటకు 3.6. ఆ తర్వాత గంటసేపు తిప్పినా ఏమీ కరగలేదు. పీహెచ్ అంత పైకొచ్చిందంటే యాసిడ్‌లో బలం అయిపోయినట్టే. పైగా సిట్రిక్ యాసిడ్ కాల్షియంతో కలిసి మళ్లీ తెల్లగా పేరుకునే ప్రమాదం కూడా ఉంది. పారబోశాను.

ఇక్కడా ముందు లెక్క వేయాల్సింది. కాటా మీద మూడు, నాలుగు మెంబ్రేన్లలో కలిపి కిలోకు పైనే గార ఉందని తెలుసు. 2 కిలోల నిమ్మ ఉప్పు పీహెచ్ 3.5 చేరేలోపు మహా అయితే అరకిలో సున్నం కరిగిస్తుంది.

రెండో రోజు చేసిన పద్ధతి:

1. మొదటి రెండు మెంబ్రేన్లను తప్పించి మూడు, నాలుగింటిని మాత్రమే కలిపాను.
2. 100 లీటర్ల మంచినీళ్లు, 2 కిలోల నిమ్మ ఉప్పు. నీళ్లు గోరువెచ్చగా, 35 డిగ్రీలు దాటకుండా.
3. చిన్న పంపుతో తిప్పాలి, ప్రెషర్ 4 కేజీల లోపు. ప్రెషర్ పెరిగితే మంచినీళ్లు వడకట్టడం మొదలై ఊడిన మురికి మళ్లీ అతుక్కుంటుంది.
4. మొదట తిరిగొచ్చే 15 లీటర్లు తొట్టిలోకి రానివ్వకుండా పారబోయాలి.
5. అరగంట తిప్పడం, గంట నానబెట్టడం, మళ్లీ అరగంట తిప్పడం.
6. పావుగంటకోసారి పీహెచ్ చూడాలి. 3.5 దాటితే అవి పారబోసి కొత్త నిమ్మ ఉప్పు నీళ్లు కలపాలి.
7. చివరికి మంచినీళ్లతో కడిగి, ప్లాంటు నడిపి మొదటి అరగంట నీళ్లు పారబోయాలి. పీహెచ్, టీడీఎస్ మామూలుకు వచ్చాకే క్యాన్లు.

మూడుసార్లు కలిపాను. మూడోసారి పీహెచ్ 2.3 దగ్గర కదలకుండా నిలబడింది. వాడిన నీళ్లలో సున్నం కలిపి, పీహెచ్ 7 దగ్గరకు వచ్చాకే వదిలాను. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు మర్చిపోవద్దు.

కాటా: మూడోది 4.4 నుంచి 4.1. నాలుగోది 4.9 నుంచి 4.45 దగ్గర ఆగిపోయింది. అది ఇక లాభం లేదు, కొత్తది వేశాను. కొత్తదాన్ని తడిపి ఓడ్చి తూస్తే 4.0.

ఖర్చు: నిమ్మ ఉప్పు 8 కిలోలు 960, మెంబ్రేను 11,000, గొట్టాలు 300. మొత్తం: 18,930.

దశ 6: ఆగినప్పుడు ఏం జరుగుతోంది (జనవరి 4)

ఒక రోజంతా కూర్చుని లెక్కపెట్టాను. ప్లాంటు 22 సార్లు ఆగి మొదలైంది. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ తీగ మరీ పొట్టిగా ఉంది. నాలుగు క్యాన్లు పట్టగానే మోటరు మొదలు, నిండగానే బంద్. కరెంటు కోతలు అదనం. ఆగిన ప్రతిసారీ చిక్కటి నీళ్లు మెంబ్రేన్లలోనే నిలబడిపోతాయి. మందు కాసేపే ఆపుతుందన్నాను కదా, రాత్రి పది గంటలు ఆపమంటే దాని వల్ల కాదు.

ఆగగానే మంచినీళ్లతో కడిగేయాలి. మోటరుతో కడిగే టైమరు పెడదామంటే కరెంటు పోయినప్పుడు అది పనిచేయదు, మాకు కావాల్సింది సరిగ్గా అప్పుడే. అందుకని కరెంటు ఉంటే మూసుకుని, పోతే తెరుచుకునే రకం సోలినాయిడ్ వాల్వు తెచ్చాను. దాని తీగను మోటరుకు కరెంటు కలిపే కాంటాక్టరుకు కలిపాను. మోటరు ఏ కారణంతో ఆగినా వాల్వు తెరుచుకుంటుంది, మేడ మీది మంచినీళ్ల ట్యాంకు నుంచి నీళ్లు హై ప్రెషర్ పంపు తర్వాత పైపులోకి దిగుతాయి. వెనక్కి పోకుండా ఒక నాన్ రిటర్న్ వాల్వు.

మొదటి రాత్రే ట్యాంకు మొత్తం ఖాళీ. వాల్వు తెల్లవార్లూ తెరిచే ఉంది మరి. పొద్దున్నే ఆరింటికి క్యాన్లకు వచ్చినవాళ్లు వరసగా నిలబడ్డారు, బావ ఫోను మీద ఫోను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సరిచేసిన తీరు:

1. మేడ మీద 60 లీటర్ల చిన్న డ్రమ్ము వేరుగా పెట్టాను. కడిగే నీళ్లు దాంట్లోంచే. అది అయిపోతే అంతే సంగతులు.
2. ప్లాంటు నడుస్తున్నప్పుడు మంచినీళ్లతో డ్రమ్ము నిండుతుంది. నిండాక ఫ్లోట్ ఆపేస్తుంది. ఆ పైపు డ్రమ్ములోకి వచ్చేది మంచినీళ్ల ట్యాంకు ముందునుంచి, కాబట్టి ప్లాంటు ఆగి ఉంటే చుక్క కూడా రాదు.
3. పెద్ద ట్యాంకు ఫ్లోట్ స్విచ్ తీగ పొడవు పెంచాను. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లే మొదలవుతుంది.

నాలుగు హౌసింగుల్లో పట్టే నీళ్లు 22 లీటర్ల లోపే. 60 లీటర్లు వాటిని రెండున్నర సార్లకు పైగా మార్చేస్తాయి. రిజెక్ట్ వాల్వు ఉన్నచోటే ఉంచి చూస్తే 60 లీటర్లు దిగడానికి 16 నిమిషాలు పట్టింది. చివర వచ్చే నీళ్ల టీడీఎస్ 190. రోజుకు 240 లీటర్ల మంచినీళ్లు దీనికే పోతాయి, పన్నెండు క్యాన్లు. పాత లెక్కన 22 సార్లు ఆగి ఉంటే 1,320 లీటర్లు పోయేవి, అందుకే ముందు ఫ్లోట్ సంగతి చూడాలి.

ఖర్చు: సోలినాయిడ్ 1,650, నాన్ రిటర్న్ వాల్వు 700, డ్రమ్ము 350, ఫిట్టింగులు 600, ఫ్లోట్ 300. మొత్తం: 22,530.

దశ 7: ఎండాకాలం చేసిన మోసం (జనవరి 12 నుంచి మే 28)

జనవరి 12, నీళ్ల వేడి 25 డిగ్రీలు, ప్రెషర్ 9 కేజీలు: గంటకు 940 లీటర్లు, టీడీఎస్ 82. ఇక దీన్నే కొలబద్ద అనుకున్నాను.

మార్చి 25: అదే ప్రెషర్‌లో 1000 లీటర్లు. బావ హుషారుగా అందరికీ చెప్పాడు. నేనూ మొదట సంతోషపడ్డాను. తర్వాత థర్మామీటరు పెడితే 31 డిగ్రీలు. బోరు నీళ్లు ప్లాస్టిక్ ట్యాంకులో ఎండకు కాగుతున్నాయి. నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కితే మెంబ్రేను దాదాపు 3 శాతం ఎక్కువ వదులుతుంది. ఆరు డిగ్రీలకు 1.19 రెట్లు. 1000ని 1.19తో భాగిస్తే 840. పైకి 6 శాతం పెరిగినట్టు కనిపిస్తూ అసలు 11 శాతం పడిపోయింది.

డోసింగ్ డ్రమ్ము చూస్తే రోజుకు 5.7 లీటర్లు తగ్గాల్సింది 2 లీటర్లే తగ్గుతోంది. పంపు తలలో మళ్లీ గాలి. ఎన్నాళ్ల నుంచో రాసుకున్నవాళ్లు లేరు.

ఆ వారం చేసినవి:

1. మూడు, నాలుగింటిని నిమ్మ ఉప్పుతో ఒకసారి కడిగాను. 25 డిగ్రీల లెక్కకు 925 వచ్చింది. తొందరగా పట్టుకుంటే 2 కిలోలతోనే పని అయిపోతుందన్నమాట.
2. డ్రమ్ముకు కొలకర్ర అంటించాను. రోజూ సాయంత్రం గీత దగ్గర తేదీ రాయడం క్యాన్లు నింపే తమ్ముడి పని. మూడు రోజులు మర్చిపోయి నాలుగు రోజులవి ఒకేసారి రాస్తే దొరికిపోయాడు, గీతల మధ్య దూరాలన్నీ ఒకేలా ఉన్నాయి.
3. ట్యాంకు మీద కొబ్బరి మట్టల పందిరి.
4. ఎండాకాలం మంచినీళ్లు పెరిగితే రిజెక్ట్ కూడా అంతే పెరిగేలా వాల్వు తెరవాలి. లేకపోతే మనం ముట్టుకోకుండానే 50 శాతం కాస్తా 55 అవుతుంది. సున్నం వేడి నీళ్లలోనే ఇంకా తొందరగా పేరుకుంటుంది.

ప్రతి సోమవారం రాసుకునేవి ఐదే: క్యాన్ నిండే సెకన్లు, రిజెక్ట్ సెకన్లు, నీళ్ల వేడి, మూడు టీడీఎస్‌లు, రెండు ప్రెషర్లు. రిజెక్ట్ టీడీఎస్ 2450 దాటితే ముందు క్యాన్ పట్టుకుని రిజెక్ట్ పైపు దగ్గరకు పోవాలి, రోటామీటరు దగ్గరకు కాదు.

ఖర్చు: నిమ్మ ఉప్పు 240. మొత్తం: 22,770.

మే 28: 32 డిగ్రీల దగ్గర గంటకు 1122 లీటర్లు, 25 డిగ్రీల లెక్కకు 912. ప్రెషర్ తేడా 1.0. మంచినీళ్ల టీడీఎస్ 96, వేడికి కొంత పెరగడం మామూలే. కొత్త మెంబ్రేను వేసి ఐదు నెలలు దాటింది. పోయిన సెట్టు సరిగ్గా ఈపాటికే చచ్చింది కాబట్టి నాలుగో హౌసింగ్ విప్పాను. బావ కిరాణా కొట్టు కాటా తనే మోసుకొచ్చాడు. గంట ఓడ్చి పెడితే 4.05 కిలోలు. నమ్మక ఇంకోసారి పెట్టమన్నాడు. 4.05.